సర్ జేమ్స్ యంగ్ సింప్సను

లోకమునకు మహోపకారము గావించినవారిలో కొందఱి పేరు ప్రతి బాలుని నోటను వినబడును. మఱికొందఱు చేసిన మేలు ఇంటింటను అనుభవింపబడుచున్నను వారి పేరెవ్వరును తలపరు. రాజ్యములు జయించిన వీరుల కథలు మన చరిత్ర పుస్తకములను నింపియున్నవి. కాని తల్లి బిడ్డను కనునపుడు పడెడి బాధను జయింపవలెనని పూనుకొనిన వైద్యుని కథ మన బాలబాలికలలో పెక్కండ్రు వినియుండరు. ఆయన స్కాట్లండు దేశస్థుడగు సర్ జేమ్స్ యంగ్ సింప్సను. మనమందఱమును ఒక తల్లి పడిన ప్రయాస వలననే ఈ లోకపు వెలుగును చూచితిమి. కావున ఈయన చరిత్రము మనలో ప్రతివారికిని సంబంధించినదే.

ఎడింబరో నగరమునకు పడమట సుమారు 18 మైళ్ల దూరమున బాత్‌గేటు అను చిన్న ఊరు కలదు. అచ్చట 1811 వ సంవత్సరము జూను 7 వ తేదీన సింప్సను జన్మించెను. తండ్రి డేవిడ్ సింప్సను రొట్టెలు కాల్చి అమ్ముకొని జీవించువాడు. ఆయన కుమారులు ఏడుగురిలో జేమ్సు కడగొట్టువాడు. ఈ బిడ్డ పుట్టునాటికి అంగడి వ్యాపారము మిక్కిలి క్షీణించి యుండెను. తల్లి మేరీ దైవభక్తియు, ఓర్పును, చుఱుకుదనమును గల స్త్రీ. ఆమె లెక్కలు తాను చూచి, అంగడిని తిరిగి నిలువబెట్టెను. ఒకనాడామె కుమారుని చినిగిన మేజోడును ఓపికతో బాగుచేసి, నీ తల్లి పోయిన పిమ్మట ఆమె చక్కగా కుట్టునదియని జ్ఞాపకముంచుకొనుమని చెప్పెనట. ఆ మాట ఆయన యెన్నడును మఱవలేదు. ఆయనకు తొమ్మిదవ యేట తల్లి చనిపోయెను. పిమ్మట అక్క మేరీ తల్లివలె సాకెను. అన్న అలెగ్జాండరు తండ్రివలె కాపాడెను.

బాలుడు అన్నలతోపాటు ఇంటింటికి రొట్టెలు చేరవేయుచునే ఊరి బడిలో చదువుకొనెను. తెలివిగల వీనిని చదివింపవలయునని కుటుంబమంతయు ఏకమై నిశ్చయించుకొనెను. అన్నలు తమ రెక్కల కష్టముతో వచ్చిన సొమ్ములో కొంత తీసి తమ్ముని చదువునకు పంపిరి. ఇట్లు 1825 వ సంవత్సరమున, 14 ఏండ్ల ప్రాయమున, రొట్టెల అంగడి బాలుడు ఎడింబరో సర్వకళాశాలలో ప్రవేశించెను. రెండేండ్లు సామాన్య విద్య నభ్యసించి, 1827 లో వైద్యవిద్య నారంభించెను.

ఆ దినములలో శస్త్రచికిత్స యన నెట్టిదో నేటివారు ఊహింపజాలరు. రోగికి స్మృతి తప్పించు మందేదియు లేదు. రోగిని బల్లకు కట్టియో, బలవంతులు గట్టిగ పట్టుకొనియో, మెలకువతో నుండగనే కోయవలసి వచ్చెడిది. ఎవడు త్వరగా కోయగలడో వాడే గొప్ప వైద్యుడు. విద్యార్థియగు సింప్సను ఒకనాడు ప్రసిద్ధుడైన రాబర్టు లిస్టను ఒక పేదస్త్రీకి రొమ్మున శస్త్రము చేయుచుండగా చూచెను. ఆమె పడిన యాతనకు తాళలేక వెలుపలికి వచ్చి, వైద్యము మానివేసి న్యాయస్థానములో గుమాస్తా పని చూచుకొందమని బయలుదేరెను. కాని తాను పాఱిపోయినంత మాత్రమున ఆ స్త్రీల బాధ తగ్గదుగదా! ఈ బాధను తగ్గించుటకు ఏదేని యుపాయము చేయవలదా అను తలంపు ఆయనను మరల పాఠశాలకు త్రిప్పి తెచ్చెను. ఆయన జీవితమంతయు ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే యని చెప్పవచ్చును.

1830 లో తండ్రి మరణించెను. ఆ యేడే సింప్సను వైద్యము చేయుటకు అనుమతిపత్రము పొందెను. బ్రతుకుదెరువు కొఱకు క్లైడు నది యొడ్డుననున్న ఒక పల్లెలో చిన్న వైద్యోద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనగా అదియు దొరకలేదు. ఆ యపజయమే ఆయనకు మేలయ్యెను. 1832 లో ఎం. డి. పట్టము పొంది, ఆచార్యుడైన జాన్ తామ్సను నొద్ద సహాయకుడుగ చేరెను. ఆయన హితవు ననుసరించి ప్రసూతి శాస్త్రమును ప్రత్యేకముగ పఠించెను. ఆ కాలమున వైద్యులు ఆ శాస్త్రమును చిన్నచూపు చూచుచుండిరి. అది మంత్రసానుల పని యనియు, పండితులకు తగినది కాదనియు వారి తలంపు.

1839 లో ఎడింబరోలో ప్రసూతి శాస్త్రాచార్య పదవి ఖాళీయయ్యెను. అప్పుడా నియామకము నగరసభవారి చేతిలో నుండెను. సింప్సనుకు వయస్సు 28 ఏండ్లు మాత్రమే. ధనము లేదు, గొప్పవారి చుట్టరికము లేదు, వివాహమును కాలేదు. పెండ్లి కాని యువకు డిట్టి పదవికి తగడని కొందఱు ఆక్షేపింపగా, ఆయన ఆ యేటి డిసెంబరు 26 వ తేదీన లివర్‌పూలు నివాసినియగు జెస్సీ గ్రిండ్లే యను బంధువుల కన్యను వివాహమాడెను. 1840 ఫిబ్రవరి 4 వ తేదీన ఒక్క వోటు ఆధిక్యముతో ఆ పదవి ఆయనకు లభించెను. కొలది కాలములోనే ఆయన ఉపన్యాసములు వినుటకు విద్యార్థులు గుంపులుగ వచ్చిరి. క్వీను వీధిలో 52 వ నెంబరు గల ఆయన గృహము ధనికులతోను పేదలతోను నిండియుండెను. రుసుము విషయమై ఆయన పట్టించుకొనువాడు కాడు. పేదల నుచితముగనే చూచెను.

అయినను ఆయన మనస్సునకు శాంతి లేదు. ప్రసవ సమయమున స్త్రీలు గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి వేదన పడుచుండగా వైద్యుడు చేయగలిగినది స్వల్పము. నల్లమందు కొంచెము ఇచ్చుట, రక్తము తీయుట, ఓర్చుకొనుమని చెప్పుట. అంతకు మించి యేమియు లేదు. ఇట్లుండగా 1846 అక్టోబరు 16 వ తేదీన అమెరికాలో బోస్టను నగరపు ఆసుపత్రిలో మోర్టను అను దంతవైద్యుడు ఈథరు అను ద్రవపు ఆవిరిని పీల్పించి, రోగికి నొప్పి తెలియకుండ శస్త్రము చేయించెను. ఈ వార్త ఓడలపై ఐరోపాకు చేరినది.

సింప్సను మనస్సున వెంటనే ఒక ప్రశ్న పుట్టెను. ఈథరు వలన నొప్పి పోవును, సరే. కాని నొప్పితోపాటు గర్భాశయము ముడుచుకొనుటయు నిలిచిపోయినచో శిశువు వెలికి వచ్చుటెట్లు? తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము గదా! 1847 జనవరి 19 వ తేదీన ఎముకల వైకల్యము వలన ప్రసవము మిక్కిలి కష్టమైన యొక స్త్రీకి ఆయన ఈథరు నిచ్చెను. ఆమెకు బాధ తెలియలేదు. గర్భాశయము మాత్రము తన పని తాను చేయుచునే యుండెను. ప్రసవమునందు మత్తుమందు వాడుట కిదియే ఆరంభము. ఆ నెలలోనే ఆయన స్కాట్లండులో విక్టోరియా రాణిగారి వైద్యులలో నొకడుగ నియమింపబడెను. కాని ఆ గౌరవముకంటె, బాధలేని ప్రసవము సాధ్యమని తెలియుటయే ఆయనకు ఎక్కువ సంతోషము గలిగించెను.

ఈథరునకు లోపములును కలవు. దాని వాసన ఘాటైనది, దగ్గు పుట్టించును, ఎక్కువగ కావలసి యుండును, దీపము దగ్గఱనున్న మండును. ఇంతకంటె మంచి మందు కొఱకు సింప్సను వెదకసాగెను. రాత్రి భోజనానంతరము కీతు, డంకను అను ఇద్దఱు సహాయక వైద్యులతో గూర్చుండి, నానావిధములైన ద్రవముల ఆవిరులను తామే పీల్చి పరీక్షించుచుండిరి. లివర్‌పూలులో మందులు తయారుచేయు డేవిడ్ వాల్డీ అను రసాయన శాస్త్రజ్ఞుడు క్లోరోఫారమును పరీక్షింపుమని ఆయనకు సలహా చెప్పియుండెను. అది 1831 ప్రాంతముననే కనుగొనబడినను వైద్యులు దాని గుణము నెఱుగకుండిరి.

1847 నవంబరు 4 వ తేదీ రాత్రి మువ్వురును గాజుపాత్రలలో క్లోరోఫారమును పోసికొని పీల్చిరి. మొదట వారికి ఉల్లాసము కలిగెను, కన్నులు మెఱసెను, మాటలు పెరిగెను. అంతలో మాటలు తడబడి, మువ్వురును స్మృతి తప్పి నేల గూలిరి. ముందుగ మేల్కొనిన సింప్సను తాను నేలపై పడియుండుటయు, డంకను కుర్చీ క్రింద గుఱ్ఱుపెట్టుటయు, కీతు బల్లను కాళ్లతో తన్నుచుండుటయు చూచెను. ఇది ఈథరుకంటె బలమైనదని గ్రహించెను. ఈ సంగతి వినుటకు వింతగ నున్నను వారు చేసినది చాల అపాయకరమైన పని. మోతాదు మించినచో ఆ మువ్వురును మరల లేచియుండరు. దేవుని కృప వలన లేచిరి.

నాలుగు దినములైన పిమ్మట, నవంబరు 8 వ తేదీన, ఆ మందు మొదటిసారిగ ప్రసవమునకు వాడబడెను. ఆ తల్లి ఒక వైద్యుని భార్య. పూర్వపు కాన్పులో ఆమె మూడు దినములు వేదనపడెను, శిశువు దక్కలేదు. ఇట్టి యనుభవము గల స్త్రీ మరల ఎంత భయముతో నుండునో చెప్పనక్కఱలేదు. నొప్పులారంభమైన మూడున్నర గంటలకు సింప్సను అర చెంచా క్లోరోఫారమును చేతిగుడ్డపై పోసి, గుడ్డను గరాటువలె చుట్టి ఆమె ముఖమునొద్ద నుంచెను. పది పండ్రెండు నిమిషములకు మరల కొంచెము పోసెను. సుమారు 25 నిమిషములకు శిశువు జనించెను. శిశువు ఏడ్పునకును తల్లి లేవలేదు. తరువాత మేల్కొని, తాను హాయిగ నిద్రించితినని చెప్పెనట. ప్రసవము ముగిసినదనియు, దాది చేతులలోనున్న సజీవమైన బిడ్డ తనదేయనియు ఆమెను నమ్మించుట చాల కష్టమయ్యెను. ఆ బిడ్డకు మత్తుమందు పేరే పెట్టిరని ఒక కథ వ్యాపించినది గాని అది నిజము కాదు. ఆమె పేరు విల్‌హెల్మినా. నవంబరు 10 వ తేదీననే సింప్సను ఈ విషయమును ఎడింబరో వైద్యసభలో చదివి లోకమునకు వెల్లడించెను.

వెంటనే ఆక్షేపణలు బయలుదేరెను. ప్రసవవేదన ప్రకృతిసిద్ధమైనది గనుక దానిని మాన్పరాదని కొందఱు వైద్యులు వాదించిరి. నడచుటయు ప్రకృతిసిద్ధమే, అయినను దూరము పోవువారు బండి యెక్కుట లేదా యని సింప్సను వారి నడిగెను. ఆదికాండము 3 వ అధ్యాయము 16 వ వచనమున స్త్రీకి విధింపబడిన ప్రసవ ప్రయాసను తొలగించుట దైవాజ్ఞను మీఱుటయని మఱికొందఱు పలికిరి. దైవభక్తులైన తల్లులలో కొందఱి మనస్సు ఈ మాటచే కలతపడెను. ఒకవైపున భరింపరాని బాధ, రెండవవైపున పాపభీతి. సింప్సను ఈ రెండవ బాధను కూడ తీర్పవలసి వచ్చెను. కావున 1847 డిసెంబరులో ఆయన ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను.

అందులో ఆయన పరిశుద్ధ గ్రంథమునే ఆధారముగ గైకొనెను. ఆ వచనములోని హెబ్రీ మాటకు శ్రమ, ప్రయత్నము అను నర్థమే ముఖ్యమని చూపెను. నేల ముండ్లను మొలిపించునని అదే యధ్యాయమున నున్నను రైతు ముండ్లను పెఱికివేయుచున్నాడు. నరుడు చెమటోడ్చి ఆహారము తినవలెనని యున్నను పశువుల చేతను యంత్రముల చేతను పని చేయించుకొనుచున్నాడు. అందు పాపము లేనిచో స్త్రీ బాధను తగ్గించుటలో మాత్రము పాపమెట్లు వచ్చునని తర్కించెను. ఆదాము ప్రక్కటెముకను తీయుటకు ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేసెనని ఆదికాండము 2 వ అధ్యాయమునుండి ఎత్తిచూపెను. మశూచికము రాకుండ టీకాలు వేయ మొదలిడినప్పుడును, గాలికై కనిపెట్టక ధాన్యమును తూర్పారబట్టు యంత్రము వచ్చినప్పుడును ఇట్టి యాక్షేపణలే కలిగెనని జ్ఞాపకము చేసెను. మన రోగములను భరించిన రక్షకుని సేవకులు బాధను చూచి ఊరకుండరాదనుట ఆయన సారాంశము. నిజమునకు క్రైస్తవ సంఘములన్నియు ఆయనను ఎదిరించెననుట సరికాదు. బోధకులలో ననుకూలురు పలువురుండిరి. ఎక్కువ వివాదము వైద్యులలోనే నడచెను.

వైద్యుల సందేహములలో ఒకటి మాత్రము యథార్థమయ్యెను. 1848 జనవరి 28 వ తేదీన ఇంగ్లండులో న్యూకాజిలు సమీపమున 15 ఏండ్ల బాలిక యొకతె కాలిగోరు తీయించుకొనుచు క్లోరోఫారము పీల్చి కొన్ని నిమిషములలో ప్రాణము విడిచెను. తరువాత నిట్టి మరణములు మఱికొన్ని జరిగెను. సింప్సను దయ గొప్పది గాని ఆయన పద్ధతి మోటైనది. ఎంత మందు చేతిగుడ్డలోనికి పోవుచున్నదో ఎవరెఱుగుదురు? ఈ లోపమును సవరించినవాడు లండను వైద్యుడగు జాన్ స్నో. ఆయన మందును కొలిచి, కొంచెము కొంచెముగ నిచ్చుట నేర్పెను. 1853 ఏప్రిలు 7 వ తేదీన విక్టోరియా రాణి తన యెనిమిదవ బిడ్డయగు లియొపోల్డు రాజకుమారుని కన్నప్పుడు క్లోరోఫారమిచ్చినది ఈ స్నోయే. ఒక్కొక్కమారు సుమారు 15 బొట్లు మాత్రమే వాడుచు 53 నిమిషములు దానిని సాగించెను. రాణి పూర్తిగ స్మృతి తప్పకయే ఉపశమనము పొందెను. రాణియే స్వీకరించిన పిమ్మట సామాన్య స్త్రీలకును సంకోచము తగ్గెను. సింప్సను దయయు స్నో జాగ్రత్తయు కలిసినప్పుడే ఆ మందు నిజముగ మేలైనది.

సింప్సనునందు లోపములు లేవని చెప్పరాదు. క్లోరోఫారము సంగతి చెప్పిన వాల్డీకి ఆయన తగినంత గౌరవము నొసగలేదు. ఆ వాల్డీ 1853 లో మన దేశమునకు వచ్చి, కలకత్తాలో రసాయన ద్రవ్యముల కర్మాగారమును స్థాపించి, 1889 లో అచ్చటనే మరణించెను. వాదమున సింప్సను తీక్ష్ణమైన స్వభావము గలవాడు. 1867 లో లిస్టరు గాయములు చీముపట్టకుండ కార్బాలికు ఆమ్లమును వాడుట చూపగా, దాని మేలును గుర్తింపక ఎదిరించెను. తన నూతన మార్గమును ఇతరులు ఎదిరించిన బాధను తానెఱిగియు, ఇతరుని నూతన మార్గము నెదిరించుట విచారకరము. గొప్పవారును కొన్నిచోట్ల జాఱుదురు.

అయినను ఆయన చేసిన మేలు మిక్కుటము. శిశువును వెలికి దీయుటకు 1848 లో ఆయన రూపొందించిన పట్టుకారు ఆయన పేరనే నేటికిని వాడుకలో నున్నది. పెద్ద ఆసుపత్రులలో అవయవములు తీసివేయబడిన 2,089 మందిలో 855 మంది మరణించిరనియు, పల్లెలలో చికిత్సపొందిన 2,098 మందిలో 226 మందియే మరణించిరనియు 1869 లో లెక్కలు ప్రకటించి, ఆసుపత్రులను సంస్కరింపవలెనని హెచ్చరించెను. స్త్రీలు వైద్యవిద్య నేర్చుట పలువురకు హాస్యాస్పదముగ నున్న కాలమున, అమెరికా నుండి వచ్చిన ఎమిలీ బ్లాక్‌వెల్ అను వైద్యురాలికి తన యొద్ద పనిచేయు నవకాశ మొసగెను.

1866 లో ఆయనకు బారనెట్ బిరుదు లభించెను. కాని ఆ సంతోషము నిలువలేదు. కొలది దినములలోనే వైద్యుడైన పెద్దకుమారుడు డేవిడును, తరువాత కుమార్తె జెస్సీయు మరణించిరి. అంతకు పూర్వమే కొందఱు బిడ్డలను ఆయన మట్టికప్పగించి యుండెను. ఎందఱో తల్లుల బాధను తగ్గించిన వైద్యుడు తన యింటి దుఃఖమునకు మందు లేక దేవునినే ఆశ్రయించెను. 1861 నుండి ఆయన భక్తి మఱింత గాఢమై, బహిరంగ సభలలో తన విశ్వాసమును సాక్ష్యమిచ్చుచుండెను. 1870 మే 6 వ తేదీన, 58 ఏండ్ల ప్రాయమున, ఎడింబరోలో దేహము చాలించెను. వెస్టుమినిస్టరు మందిరమున సమాధి చేయుటకు స్థలమొసగుదుమని చెప్పినను, కుటుంబమువారు ఆయనను వారిస్టను శ్మశానములో ఆయన బిడ్డల సరసనే సమాధి చేసిరి. దారి పొడవున నగరవాసులు వేలకొలది నిలిచి కన్నీరు విడిచిరి.

ఆయన ప్రారంభించిన పనికి మన తెలుగుదేశముతోడను సంబంధము కలదు. క్లోరోఫారము వలన మరణించువారికి ముందుగ నిలుచునది శ్వాసయా, గుండెయా యను ప్రశ్నను తేల్చుటకు, హైదరాబాదులో రెసిడెన్సీ వైద్యుడును వైద్యపాఠశాలాధిపతియు నగు ఎడ్వర్డు లారీ, నిజాము ప్రభువుగారి ధనసహాయముతో 1888 లోను 1889 లోను రెండు పరిశోధక సంఘములను నడపెను. శ్వాసను కనిపెట్టుచుండవలెనని ఆ సంఘము బోధించినది మంచి మాటయే. గుండెకు అపాయము లేదనుట మాత్రము తప్పని 1911 లో లెవీ యను పరిశోధకుడు నిరూపించెను. ఆ హైదరాబాదు వైద్యపాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ రోగులకు క్లోరోఫారము నొసగుటలో నిపుణురాలై, లోకమున ఈ విద్యను చేపట్టిన మొదటి స్త్రీలలో నొకతెగ పేరొందెను. ఆమె 1909 లో పై చదువునకై సింప్సను నగరమగు ఎడింబరోకే వెళ్లెను.

నేడు ప్రసవమునకు క్లోరోఫారమును వాడరు. దానికంటె క్షేమకరములైన మార్గములు వచ్చినవి. కొన్నిచోట్ల నైట్రస్ ఆక్సైడు, ఆక్సిజను అను వాయువులను సమభాగములుగ కలిపి, తల్లియే తన చేత పట్టుకొని నొప్పి వచ్చినప్పుడు పీల్చునట్లు ఏర్పాటు చేయుదురు. పెథిడిను అను మందును సూదితో నెక్కింతురు. ప్రసవము మిక్కిలి సమీపించినప్పు డిచ్చినచో శిశువు మగతతో నుండి శ్వాస మందగింపవచ్చును గనుక సమయము చూచి యిత్తురు. వెన్నెముక యొద్ద సన్నని గొట్టము నుంచి, నడుము క్రింది భాగమునకు నొప్పి తెలియకుండ మందు పంపు ఎపిడ్యూరలు అను పద్ధతి వీటన్నిటిలో బలమైనది. దీనివలన తల్లి మెలకువతోనే యుండి బిడ్డ తొలి యేడ్పును వినగలదు. రక్తపుపోటు తగ్గవచ్చును గనుక నిపుణులు దగ్గఱనుండి కనిపెట్టుచుండవలెను. ఏది తగునో తల్లి కోరికను ఆరోగ్యమును బట్టి వైద్యులు నిర్ణయింతురు. బాధనోర్చుకొని కనిన తల్లి గొప్పది, మందు పుచ్చుకొనిన తల్లి తక్కువది యను భేదము లేదు.

ప్రియ విద్యార్థులారా, సింప్సను చరిత్రమునుండి మనము నేర్చుకొనవలసినవి రెండు కలవు. ఇతరుల బాధను చూచి జాలిపడి తొలగిపోవుట సులభము; తిరిగి వచ్చి దానికి మందు వెదకుట కష్టము. ఆ కష్టమును ఆయన చేసెను. అయితే దయ యొక్కటియే చాలదు. దానికి కొలతయు జాగ్రత్తయు తోడు కావలెను. స్నో చేతిలోని కొలపాత్ర మనకు దీనిని బోధించుచున్నది. మఱియొకటియు కలదు. అన్నలు రొట్టెలమ్మి చదివింపనిచో ఈ వైద్యుడు లోకమునకు లభించియుండడు. మీ చదువునకై మీ యిండ్లలో ఎవరెవరు తమ సుఖమును మానుకొనుచున్నారో ఈ సాయంకాలము ఇంటికి పోయి తలంచుకొనుడు. మిమ్మును కనిన తల్లి పడిన ప్రయాసను కూడ తలంచుకొనుడు.